కామేశ్వరి గారి కొత్త వెర్షన్

ఈ ఉదయం ల్యాప్‌టాప్ తెరిచానో లేదో లోపలి ఫ్యాను గుయ్‌మని లేచింది. తెర మీదికి ఒక చిన్న డబ్బా వచ్చి, నేను టైపు చేసుకునే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చిందనీ, ఇప్పుడే ఎక్కించమంటావా, తర్వాతా అనీ అడిగింది. వెంగళరావు నగర్‌లో మా ఫ్లాటు కింద టిఫిన్ బండి దగ్గర పోపు చిటపటలాడుతోంది. అరచేతుల కింద ల్యాప్‌టాప్ వేడెక్కుతోంది. ఆ వేడికి లేచిన దుమ్ము వాసన ముక్కుకు తగిలిందో లేదో, నా కాళ్ళు వాటంతట అవే వంటింట్లోకి నడిచాయి. కొబ్బరికాయ ఉందా అని అలమర వెతకడం మొదలుపెట్టాను. మా ఆయన వింతగా చూశాడు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు కొబ్బరికాయ ఎందుకని అడిగేవాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఒకటే పేరుంది. కామేశ్వరి గారు.

మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. పేరు విని ఉంటారన్న నమ్మకమూ లేదు. ఆవిడ రాసిన మాటలు మాత్రం మీ ఇంట్లో ఎవరో ఒకరు సరదాకైనా అని ఉంటారు. కాకినాడ నుంచి వచ్చి, ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీది వాటాలో అద్దెకుంటూ, ఏళ్ళ తరబడి సినిమాలకు మాటలు రాశారు. తెర మీద మాత్రం వేరేవాళ్ళ పేర్లు పడేవి. ఆ పనిని పరిశ్రమలో ఘోస్ట్ రైటింగ్ అంటారు. "దెయ్యాలకు ఎవరైనా కార్డులేస్తారా అమ్మా" అని ఆవిడే నవ్వేసేవారు. నవ్వినా, కోరికను మాత్రం ఎవరి దగ్గరా దాచుకోలేదు. 'మాటలు' అన్న టైటిల్ కార్డు మీద తన పేరు ఒక్కసారి పడాలి. పాలవాడికీ తెలుసు, పక్కవాటా వాళ్ళకూ తెలుసు.

నేను డిగ్రీ అయిపోయి, కంప్యూటర్ కోర్సు కూడా చేసి, ఆవిడ చెబుతుంటే టైపు చెయ్యడానికి చేరాను. మాది రహమత్ నగర్. మా అమ్మ యాదమ్మ ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇంట్లో నేను 'వచ్చిండు' అంటాను, ఫిల్మ్‌నగర్ మెట్లెక్కగానే 'వచ్చాడు' అంటాను. ఎవరూ అలా మాట్లాడమని చెప్పలేదు. ఆఫీసు చెప్పులు వేసుకున్నట్టు ఆఫీసు భాష వేసుకునేదాన్ని.

అప్పుడే ఆవిడకు ఒక అవకాశం వచ్చింది. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒక యువ దర్శకుడు, ఎర్రగడ్డ మార్కెట్లో కూరగాయలమ్మే తల్లి, కాలేజీకెళ్ళే ఆమె కూతురు, వీళ్ళిద్దరి కథ తీస్తున్నాడు. మొత్తం మాటలు కామేశ్వరి గారినే రాయమన్నాడు. కార్డు కూడా ఆవిడకే అన్నాడు. అయితే, భాష ఇక్కడిదే అనిపించాలని గట్టిగా చెప్పాడు. మొదటి సీన్లు ముందే పంపాలి. శనివారం నెరేషన్, అంటే రచయిత దర్శకుడి ముందు కూర్చుని చదివి వినిపించడం. అది కుదిరితే కార్డు, కుదరకపోతే మరొకరు రాస్తారు. ఆవిడ ఆ వారమంతా దేవుడి గదిలో కంటే కంప్యూటర్ ముందే ఎక్కువ దణ్ణాలు పెట్టారు.

మొదటి సీన్లు పంపాక, మంగళవారం దర్శకుడి ఆఫీసు నుంచి కో-డైరెక్టర్ ఫోన్ చేశాడు. ఆవిడ స్పీకర్‌లో పెట్టారు.

"మేడమ్, మీ వెర్షన్ ఓపెన్ అయితలేదు. పాత వెర్షన్ లెక్కుంది. జర కొత్త వెర్షన్ల పంపున్రి" అన్నాడు. ఇంతలో అక్కడెవరో పిలిస్తే పెట్టేశాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఫిల్మ్‌నగర్‌లో వెర్షన్ అంటే ముందుగా సాఫ్ట్‌వేర్ గుర్తుకు రాదు. ఒక రచయిత సినిమాకు రాసిచ్చిన మాటల మొత్తాన్ని వెర్షన్ అంటారు. ఫలానా ఆయన వెర్షన్ అదిరింది, ఫలానా వాళ్ళ వెర్షన్ పక్కన పడేశారు అని టీ కొట్ల దగ్గర కూడా వినపడుతుంది. అక్కడ ఒక రచయితతో మీ వెర్షన్ పాతది అనడమంటే, ఇక ఇంట్లో కూర్చోమని చెప్పడమే. పైగా ఓపెన్ కావడం లేదట. అంటే మొదటి సీన్ ఎత్తుగడే కుదరలేదన్నమాట. మా ఇద్దరికీ ఇందులో వేరే అర్థం ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టారు. "మనది పాత వెర్షనట స్వప్నా. ఓపెనింగే లేవట్లేదట" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం లేచి, కాఫీ కలుపుకొచ్చి, జుట్టు ముడేసుకుని కుర్చీ లాక్కున్నారు. "సరే, కుర్రాడు నిజమే చెప్పుంటాడు. కొత్తగా రాద్దాం, కూర్చో" అన్నారు. తప్పు చూపిస్తే కోపం తెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు. బుధవారమంతా గదిలో అటూ ఇటూ తిరుగుతూ, తల్లి మాటలు తల్లిలా, కూతురి మాటలు కూతురిలా నటిస్తూ చెప్పారు. కూతురు ఎవరికీ చెప్పకుండా సినిమాకెళ్ళి ఆలస్యంగా ఇంటికొస్తుంది, తల్లి ఒక పేజీ నిండా తిడుతుంది. అదీ సీను. అంతకుముందు రాసినదాని కంటే ఎన్నో రెట్లు బాగా వచ్చింది. గురువారం పొద్దున్నే పంపించాం.

పంపిన కాసేపటికే కో-డైరెక్టర్ మళ్ళీ ఫోన్ చేశాడు. "మేడమ్, ఇది గూడ గట్లనే ఉన్నది. అన్ని డబ్బాలే."

మా పరిశ్రమలో బాగాలేని సినిమాను డబ్బా అంటారు. ఆవిడ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగారు. "ఏ సీను డబ్బాగా ఉంది బాబూ?"

"సీను కాదు మేడమ్, అక్షరాలు. అక్షరాలున్న కాడ డబ్బాలు డబ్బాలు వస్తున్నయ్. మీ ఇంట్ల కంప్యూటర్ల ఆఫీస్ సాఫ్ట్‌వేర్ పాతది. దాన్ని అప్‌గ్రేడ్ జేసి, కొత్త తెలుగు ఫాంట్ల పంపున్రి."

"అంటే మీరు మా సీను చదవనేలేదా?"

"చదువుదామంటె సక్కగ ఓపెనే కాలె గద మేడమ్."

ఫోన్ పెట్టేశాక ఆవిడ నావైపు తిరిగారు. ముందు పెదవి కదిలింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత మనిషంతా నవ్వులో మునిగిపోయారు. "పాతది నేను కాదుటే, ఇదిట" అంటూ కంప్యూటర్ నెత్తి మీద ఒక్కటి మొట్టారు. అంత హుషారు నేనెప్పుడూ ఆవిడలో చూడలేదు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒక చుట్టు తిరిగి, "ఇప్పుడే మార్చేద్దాం. నీకొచ్చా?" అన్నారు. వచ్చన్నాను. కోర్సులో ఒకసారి చేసిన పని, ఆ ఊపులో ఏదడిగినా వచ్చనే అనేదాన్ని.

ఇప్పుడే అన్నారు గానీ, గోడమీది క్యాలెండర్ చూసి, వర్జ్యం వెళ్ళేదాకా మౌస్ ముట్టుకోనివ్వలేదు. ఈలోగా పాత సీన్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమన్నారు. ఎక్కించాక తెరిచి చూపించమన్నారు. ముందు పాత సాఫ్ట్‌వేర్ తీసెయ్యాలని తెర మీద రాగానే ఆవిడ మొహం చిన్నబోయింది. "ఇన్నాళ్ళు చాకిరీ చేసింది. చెప్పకుండా పంపించేస్తే బాగుండదు" అని, దానికి ఒక దణ్ణం పెట్టి, "వెళ్ళి రా నాయనా" అన్నారు. సీపీయూకు కుంకుమ బొట్టు పెట్టారు. ముహూర్తం షాట్‌కు కొట్టినట్టు వరండాలో కొబ్బరికాయ కొట్టారు. "క్లాప్ కొడతాను, నువ్వు నొక్కు" అని రెండు చేతులూ చరిచారు. నేను ఇన్‌స్టాల్ నొక్కాను.

పచ్చగీత కొంచెం పాకి ఆగిపోయింది. మేమిద్దరం గడ్డం కింద చేతులు పెట్టుకుని చూస్తున్నాం.

"కదలదేం?" అన్నారు.

"డౌన్‌లోడ్ అవుతోంది మేడమ్."

"ఓహో. హీరో గారింకా కారవాన్ దిగలేదన్నమాట. మనకలవాటే."

హీరో గారు దిగాక, షాపులో కొనుక్కొచ్చిన సాఫ్ట్‌వేర్ కార్డు మీదున్న కీ కొట్టమంది. పొడుగాటి అక్షరాలు, అంకెల వరస. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కోర్టు సీన్లో లాయరులా గంభీరంగా చదివారు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. ఈసారి ఏడుపు సీన్లో తల్లిలా చదివారు. అయినా ఒప్పుకోలేదు. కార్డు తీసుకుని చూస్తే, ఆవిడ 'ఓ' అని చదివింది సున్నా. సున్నా కొట్టగానే తలుపు తెరుచుకుంది. కంప్యూటర్ ఆరిపోయి, మళ్ళీ వెలిగి, కిణుక్కుమని చప్పుడు చేసింది. షూటింగ్ అయిపోతే గుమ్మడికాయ కొట్టాలి కదా. ఇంట్లో పులుసులోకి తెచ్చిన ముక్క ఉందంతే. దాంతోనే కంప్యూటర్‌కు దిష్టి తీసి, మళ్ళీ తీసుకెళ్ళి పులుసులో వేసేశారు. నాకూ అన్నం పెట్టారు. ఆ పులుసు రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

సీన్లన్నీ కొత్త ఫాంటులోకి మార్చేసరికి శుక్రవారం పొద్దెక్కింది. మర్నాడే నెరేషన్. ఆవిడ చెవికి తెలంగాణ మాట బాగా తెలుసు, చెయ్యి మాత్రం కాకినాడదే. మార్కెట్ తల్లి 'వచ్చాడు, వెళ్ళాడు' అంటూనే ఉంది. అయినా ఆవిడకు దిగులేమీ లేదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక అద్భుతం కనిపెట్టారు.

"స్వప్నా, ఇందులో ఒకటి తీసి ఇంకోటి అన్నిచోట్లా ఒకేసారి పెట్టొచ్చుట కదా?"

"పెట్టొచ్చు మేడమ్."

"అయితే వచ్చాడులో ఆ చివర 'ఆడు' తీసేసి 'ఇండు' పెట్టెయ్. వచ్చాడు వచ్చిండవుతుంది, పోయాడు పోయిండవుతుంది. మీ భాషంతా ఒక్క నొక్కుతో దిగిపోతుంది."

నాకెక్కడో తేడాగా తోచింది గానీ, ఆ కళ్ళల్లో సంబరం చూసి నొక్కేశాను. మొదటి పేజీలో 'వచ్చిండు', 'పోయిండు' చూసి చప్పట్లు కొట్టారు. తర్వాతి పేజీ నుంచి మొదలైంది. 'వాడు' కాస్తా 'విండు' అయ్యాడు. 'అన్నాడు' వెళ్ళి 'అన్నిండు' వచ్చింది. పక్కింటి పెద్దమ్మ హీరోయిన్‌ను ఒక పాట పాడమని అడిగే చోట 'ఒక పాట పిండు' అని ఉంది. తల్లి ఎల్లమ్మ గుడి ముందు కళ్ళనిండా నీళ్ళతో 'నా బిడ్డను కాపిండు తల్లీ' అని మొక్కుతోంది. ఆవిడ ఆ మాటను అంతే భక్తిగా, చేతులెత్తి చదివారు. "పాట పిండడమేంటే, తడిబట్టా?" అంటూ నవ్వలేక కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. నేను నేల మీద కూర్చుండిపోయాను.

నవ్వు తగ్గాక మార్చిందంతా వెనక్కి తీసుకున్నాను. "అయినా 'అన్నిండు' అని ఎవ్వరనరు మేడమ్, 'అన్నడు' అంటరు" అన్నాను.

ఆవిడ చటుక్కున ఆగారు. "ఏదీ, మళ్ళీ అను."

"అన్నడు అంటారు."

"అలా కాదు. ఇందాక 'అంటరు' అన్నావు. ఈ నోరు ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావు?"

"వచ్చే దారిల, యూసుఫ్‌గూడ కాడ విడిచి వస్త మేడమ్" అన్నాను. సిగ్గేసింది, ఎందుకో సంతోషంగానూ ఉంది.

"రేపటినుంచి వెంట తెచ్చుకో. సరే, చెప్పు. ఈ తిట్లన్నీ మీ అమ్మయితే ఎలా తిడుతుంది?" అన్నారు. నేను ఆవిడ వాక్యాలనే పట్టుకుని, చివర్లు మార్చి చెప్పాను. 'ఇంతసేపు ఏడికి పోయినవ్, ఎవనితోని పోయినవ్' అని. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఇది నా వాక్యమే, మీ చీర కట్టుకొచ్చింది. ఫోన్ చెయ్ అమ్మకి."

అమ్మ ఫోన్ ఎత్తింది. వెనక మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"యాదమ్మ గారూ, నమస్కారమండీ. చిన్న సంగతి. మీ స్వప్న చెప్పకుండా సినిమాకెళ్ళి, ఆలస్యంగా ఇంటికొచ్చి, కాలేజీలో క్లాసుందని అబద్ధమాడిందనుకోండి. మీరేమంటారు?"

మిషన్ ఆగింది. "పోయిందా ఏంది?"

"లేదండీ, ఊరికే అనుకుందాం."

"నేనేమంట మేడమ్. గుమ్మం కాడ ఇడిసిన చెప్పులు సూస్త. కాలేజి కాడంత సిమెంటు రోడ్డే. చెప్పులకు ఎర్రమట్టి అంటిందంటె యాడికో పోయొచ్చినట్టే గద. 'ఊకో బిడ్డా, నువ్వేం జెప్పకు, నీ చెప్పులే జెప్పినయ్' అంట. గంతె. అన్నం బెడ్త." మిషన్ మళ్ళీ మొదలైంది.

కామేశ్వరి గారు ఫోన్ పెట్టేసి, ఆ మాట పెదవులతో చప్పుడు లేకుండా అనుకున్నారు. "ఆ తిట్ల పేజీ మొత్తం కొట్టెయ్ స్వప్నా" అన్నారు. బుధవారమంతా చెమటోడ్చి రాసిన పేజీ. ఒక్క నిమిషం కూడా బాధపడలేదు. దాని స్థానంలో మా అమ్మ మాట ఒక్కటే పెట్టించారు.

నేను టైపు చేస్తుంటే ఆ మాటల కింద ఎర్రగీతలు వంకర్లు తిరుగుతూ వచ్చాయి. 'ఊకో' కింద ఒకటి, 'జెప్పినయ్' కింద ఒకటి. స్కూల్లో మా తెలుగు టీచర్ నా కాంపోజిషన్‌లో 'వచ్చిండు' కింద ఎర్ర ఇంకుతో గీసిన గీతలాగే ఉన్నాయి. నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఎవరమ్మా ఈ మాస్టారు?" అన్నారావిడ.

"తప్పులు చూపిస్తది మేడమ్. ఈ మాటలు దానికి తెల్వవు."

"తెలియకపోతే నేర్పు. నువ్వున్నదెందుకు?"

మాట మీద మౌస్ కుడిబటన్ నొక్కితే 'డిక్షనరీకి చేర్చు' అని వచ్చింది. నొక్కాను. ఎర్రగీత పోయింది. ఇంకొకటి చేర్చాను. అదీ పోయింది. అమ్మ ఫోన్లో అన్న మిగతావీ చేర్చాను, సూస్త, గంతె, యాడికో, బెడ్త. ఆ మధ్యాహ్నమంతా మిగతా సీన్ల మాటలు మార్చడం, గీతలు చెరపడం, అదే పని. ఒక్కొక్క గీత పోతుంటే నాకు గుండె నిండిపోయింది. సంతోషం పట్టలేక కళ్ళనీళ్ళొచ్చాయి. ఆవిడ చూశారు, ఇంకో మాట చెప్పమన్నారు.

శనివారం జూబ్లీహిల్స్‌లో దర్శకుడి ఆఫీసు, అద్దాల గది. నేను ఆవిడ పక్కన సీన్ పేపర్లు పట్టుకుని కూర్చున్నాను. దర్శకుడు కళ్ళు మూసుకుని వింటున్నాడు. మొహంలో ఏమీ తెలియలేదు. చెప్పుల మాట రాగానే పకపకా నవ్వి, కళ్ళు తెరిచి, మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి సూటిగా చూశాడు.

"మేడమ్, గీ మాట మీరే రాసిన్రా?"

అవునంటే కార్డు వచ్చేస్తుంది. అలాంటి గదుల్లో ఎవరూ కాదనరు. మాట ఎక్కడ పుట్టినా కాగితం తెచ్చినవాళ్ళదే.

"కాదు బాబూ. స్వప్న వాళ్ళమ్మగారు యాదమ్మ గారిది. రహమత్ నగర్‌లో ఉంటారు. సీను నాది, ఆ మాట మాత్రం ఆవిడది" అన్నారు కామేశ్వరి గారు.

దర్శకుడు కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. "మిగతా సీన్లు గూడ గిట్లనే అడిగి రాస్తరా?" అన్నాడు.

"అడక్కపోతే ఎలా వస్తుంది బాబూ?"

"అయితే కార్డు మీదే మేడమ్. పేరు ఎట్ల ఎయ్యాల్నో రాసియ్యున్రి."

తిరుగు ఆటోలో నేను ఉండబట్టలేక అడిగాను, ఎందుకు చెప్పారని, ఒకవేళ అతను వద్దనుంటే అని. ఆవిడ చీర కొంగు గాలికి ఎగరకుండా పట్టుకున్నారు. "ఒకళ్ళ మాట ఇంకొకళ్ళ పేరుతో వినబడితే ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసమ్మా" అన్నారు. అందులో ఎవరిమీదా కోపం లేదు. తర్వాత దారిలో ఆటో ఆపించి నాకు బాదం పాలు ఇప్పించారు.

సినిమా విడుదలైన రోజు మొదటి ఆటకు ఇద్దరం వెళ్ళాం. పెళ్ళిళ్ళ సీజను, జాకెట్లు ఇచ్చేదుందని అమ్మ రాలేదు. ఆవిడ కొత్త చీర కట్టుకున్నారు. పెళ్ళికూతురికి తోడు వెళ్తున్నట్టు నాకూ ఒళ్ళంతా హడావిడే. ముందు ఆ మొదటి సీను, దాని వెనకే టైటిల్స్ అని మాకు తెలుసు. కార్డు రాగానే ఫోటో తియ్యమని నాకు పదేపదే చెప్పి ఉంచారు. నేను ఫోన్ సిద్ధంగా పట్టుకున్నాను. తెర మీద కూతురు ఆలస్యంగా వచ్చింది. తల్లి గుమ్మం వైపు చూసింది. 'ఊకో బిడ్డా, నువ్వేం జెప్పకు, నీ చెప్పులే జెప్పినయ్.'

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఈలలు. వెనక వరసలో ఎవరో ఆ మాటను మళ్ళీ అన్నారు, మళ్ళీ నవ్వులు. పక్కకు చూస్తే కామేశ్వరి గారు తెరకు వీపు పెట్టి, సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద నిలబడ్డారు. తన ఫోన్ జనం మీదికి చాపి పట్టుకున్నారు.

"విన్నారా యాదమ్మ గారూ? మీ మాటకేనండీ, ఇదంతా" అంటున్నారు.

స్పీకర్‌లోంచి అమ్మ గొంతు. "నేనెప్పుడన్న గట్ల?"

"మీరేనండీ అన్నారు. ఇంకా నవ్వుతున్నారు, వినండి."

అప్పటికే టైటిల్స్ నడుస్తున్నాయి. నేను ఆవిడ భుజం పట్టి ఊపాను. "మేడమ్, కార్డు, మేడమ్" అన్నాను. ఆవిడ తిరిగేసరికి తెర మీద తర్వాతి పేర్లు వచ్చేశాయి. ఊపడంలో పడి నేనూ ఫోటో తియ్యలేదు.

ఆవిడ సీట్లో సర్దుకుని కూర్చున్నారు. "పేరులో దీర్ఘం సరిగ్గా పెట్టారా?" అని అడిగారు.

"పెట్టారు మేడమ్."

"మరింకేం" అని నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు. మొహం వెలిగిపోతోంది. మర్నాడు మళ్ళీ వెళ్ళాం, ఈసారి కచ్చితంగా చూసుకుంటానన్నారు. చెప్పుల మాట రాగానే మళ్ళీ వెనక్కే తిరిగారు.

ఆవిడ ఇప్పుడు లేరు. నేను మాటలు రాస్తున్నాను. మా అమ్మ దగ్గర, ఆటోవాళ్ళ దగ్గర, ఆసుపత్రి వరసలో ముందు నిలబడ్డవాళ్ళ దగ్గర విన్నవి రాస్తాను. ఎవరి మాట వాళ్ళదని దర్శకుల ముందు చెప్పేస్తాను. సినిమా విడుదలైతే, ఎవరి మాట తెర మీద పలుకుతుందో వాళ్ళకు ఫోన్ కలిపి, వెనక్కి తిరిగి, జనం మొహాల వైపు చాపి పట్టుకుంటాను. నా పేరున్న కార్డు ఎలా ఉంటుందో మా ఆయన్ని అడగండి. నేనింతవరకూ చూడలేదు.